రిజిస్టరులో పేరు నుంచి బిడ్డ చేతి ముద్ద దాకా

పుట్టుకతోనో, పుట్టిన తొలి ఏళ్లలోనో కొందరు పిల్లలకు వినికిడి, చూపు, కదలిక, మాట, గ్రహింపు, నలుగురితో మెలగడం వయసుకు తగ్గట్టు రావు. అలాంటి పిల్లలకు ఆరేళ్లు నిండేలోపు అందే చికిత్స, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, ప్రత్యేక బోధన అన్నీ కలిసి ఒకే సేవ. దానికి తొందర ఎందుకంటే, మొదటి మూడేళ్లలో మెదడులోని నాడీకణాల మధ్య బంధాలు అతి వేగంగా ఏర్పడతాయి. పనిలో పడినవి గట్టిపడతాయి, పని లేనివి తొలగిపోతాయి. చెవికి శబ్దం అందని బిడ్డలో మాట నేర్చే భాగాలు తమకు కావలసిన ముడిసరుకు లేకుండానే పెరుగుతాయి. ఆరో నెలలో వినికిడి మిషను పెడితే వచ్చే ఫలితం నాలుగో ఏట పెడితే రాదు. అందుకే ఈ రంగంలో ఎంతమందికి అందింది అనే లెక్కతో పాటు ఎన్నాళ్లకు అందింది అనే లెక్క కూడా ఉండాలి.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలు ఈ లెక్కల కష్టసుఖాలు రెండూ తెలిసే చోటు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. జిల్లా మారినప్పుడు కాగితాలు వెళ్లే కార్యాలయాలు మారతాయి, పాత రికార్డు కొత్త చోటికి చేరిందో లేదో చూసుకోవలసిన అవసరం వస్తుంది. పైగా ఇక్కడి బతుకు మామిడితో ముడిపడింది. డిసెంబరు, జనవరి నెలల్లో పూత వస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయల కోత సాగుతుంది. గుత్తకు తీసుకున్న తోటల్లో కాపలా ఉండే కుటుంబాలు కాపు కాలంలో తోటలోనే పాక వేసుకుని ఉంటాయి. కోత కూలీలు తోట నుంచి తోటకు తిరుగుతారు, ప్యాకింగ్ పనివాళ్లు నున్న మార్కెట్ వైపు వెళతారు. ఇలాంటి ఇంట్లో పుట్టిన రెండేళ్ల బిడ్డకు మాట ఆలస్యమైతే ఆ సంగతి ఎవరి పుస్తకంలో ఎక్కుతుంది, ఎక్కిన తర్వాత ఎవరి చేతికి వెళుతుంది అన్నదే ఈ అధ్యాయానికి ప్రధాన ప్రశ్న.

ఆ బిడ్డ దారిలో మూడు శాఖలున్నాయి. మొదటిది స్త్రీ శిశు సంక్షేమ శాఖ. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం కింద సాధారణంగా 400 నుంచి 800 జనాభాకు ఒక అంగన్‌వాడీ కేంద్రం ఉంటుంది. బరువు తూచేదీ, ఎత్తు కొలిచేదీ, మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు చెప్పేదీ అక్కడే. రెండోది ఆరోగ్య శాఖ. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం సంచార వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లలందరినీ పరీక్షించాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, వికాసంలో జాప్యాలు అన్నీ కలిపి 30 రకాల సమస్యలను వెతకాలి. అనుమానం వచ్చిన బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మూడోది విద్యా శాఖ. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో సహిత విద్య టీచర్లు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతారు, ఫిజియోథెరపిస్టు వచ్చి వెళుతుంటారు.

చట్టం మాత్రం ఈ మూడు శాఖలనూ కలపలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి 14 ఏళ్ల వారికి వర్తిస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యను ఆరు నుంచి 18 ఏళ్ల వారికి హామీ ఇచ్చింది. అదే చట్టం ఏడాదికి ఒకసారైనా పిల్లలందరినీ పరీక్షించి ముప్పు ఉన్నవారిని గుర్తించమని 25వ సెక్షన్లో చెప్పింది. అంటే ఆరేళ్లలోపు బిడ్డను గుర్తించే బాధ్యత చట్టంలో ఉంది, చదువు హామీ మాత్రం ఆరో ఏట మొదలవుతుంది. అత్యంత విలువైన కాలం ఈ రెండింటి మధ్య పడింది. ఈ సందులో బిడ్డను నిలబెట్టేది పద్ధతిగా రాసి, పద్ధతిగా వాడిన రికార్డు ఒక్కటే.

ఎంతమంది ఉండాలి?

వెతికేవారికి ముందు ఎంతమంది కనిపించాలో తెలియాలి. 2011 జనగణన ప్రకారం దేశంలో ఆరేళ్లలోపు పిల్లల్లో వైకల్యం ఉన్నవారు 1.24 శాతం. 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ పరిశోధన సంస్థ అధ్యయనం వేరే చిత్రం చూపించింది. హైదరాబాద్ సహా దేశంలోని ఐదు ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 3,964 మందిని నిపుణులు స్వయంగా పరీక్షించారు. రెండు నుంచి ఐదేళ్ల వారిలో నాడీ వికాస సమస్యలు ప్రాంతాన్ని బట్టి 2.9 శాతం నుంచి 18.7 శాతం దాకా కనిపించాయి. ఆ పిల్లల్లో సుమారు ఐదోవంతు మందికి ఒకటి కంటే ఎక్కువ సమస్యలున్నాయి.

రెండు అంకెల మధ్య ఇంత దూరం రావడానికి కారణం అడిగిన తీరులో ఉంది. జనగణన ఉద్యోగి ఇంటి పెద్దను ఒక ప్రశ్న అడిగి రాసుకుంటాడు. రెండేళ్ల బిడ్డకు మాట రాలేదంటే ఇంటి పెద్దకు అది వైకల్యంగా తోచదు. వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చిందంటారు. చాలా ఇళ్లలో ఆ నమ్మకం నిజం కూడా అవుతుంది, అందుకే అది అంత బలంగా నిలబడింది. మెల్లగా నేర్చే బిడ్డ, ఒక చెవితో మాత్రమే వినే బిడ్డ, ఆటిజం తొలి లక్షణాలున్న బిడ్డ జనగణన పట్టికలోకి రారు. కనుక ఒక మండలంలో వైద్య బృందం నూటికి ఒకరినే గుర్తించి, జనగణన అంకెకు సరిపోయిందని తృప్తి పడితే, మిగిలిన పిల్లలు ఇళ్లలోనే ఉండిపోయారని అర్థం. రాదగిన సంఖ్య ముందే తెలిసి ఉంటే తక్కువ వచ్చిన ఊరు మీదే అనుమానం రావాలి. ఏ సమస్యా లేదని రాసి పంపిన కేంద్రానికి మెప్పు ఇవ్వడానికి ముందు ఇంకొకసారి వెళ్లి చూడాలి.

గాలింపు లెక్క

వికాసాన్ని గాలించే (స్క్రీనింగ్) పద్ధతుల్లో మన దేశపు ఆరోగ్య కార్యకర్తల కోసమే తయారైనది త్రివేండ్రం పట్టిక. డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం 1991లో ప్రచురించిన ఈ పట్టికలో బరోడా వికాస ప్రమాణాల నుంచి ఎంచిన 17 అంశాలున్నాయి, రెండేళ్లలోపు పిల్లలకు వాడతారు. ఒక్కో అంశానికి ఎదురుగా అది ఏ నెల నుంచి ఏ నెల లోపు రావాలో చూపే గీత ఉంటుంది. బిడ్డ వయసు దగ్గర నిలువుగా స్కేలు పెడితే, దానికి ఎడమ పక్కన ముగిసిపోయిన అంశాలన్నీ బిడ్డకు వచ్చి ఉండాలి. రానిది ఒక్కటి ఉన్నా అనుమానం ఉన్నట్టే. చూడడానికి ఐదు నుంచి ఏడు నిమిషాలు చాలు.

తెలుగు ఇళ్లలో ఇలాంటి జ్ఞాపకాలు ముందే ఉన్నాయి. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు పంచే ఆనవాయితీ ఉంది. తేదీ గుర్తులేని తల్లికి కూడా అరిసెలు సంక్రాంతి ముందు వండారో తర్వాత వండారో గుర్తుంటుంది. తోటల ఊళ్లలో పూత, పిందె, కోత అనే గుర్తులతో నెల తేల్చవచ్చు. జన వివరాలు సేకరించేవారు స్థానిక సంఘటనల క్యాలెండరు వాడడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతే. అంగన్‌వాడీ టీచర్ దగ్గర అది కాగితం మీద ఉంటే తల్లి చెప్పిన జవాబుకు విలువ పెరుగుతుంది.

గాలింపు ఎంత మంచిదైనా కొందరిని వదిలేస్తుంది, కొందరిని అనవసరంగా పట్టుకుంటుంది. త్రివేండ్రం పట్టిక తొలి పరీక్షల్లో సమస్య ఉన్నవారిలో 66.7 శాతం మందిని పట్టుకుంది, సమస్య లేనివారిలో 78.8 శాతం మందిని సరిగ్గా వదిలింది. ఒక మండలంలో 1,000 మంది పిల్లలున్నారని, వారిలో 100 మందికి నిజంగా వికాస సమస్య ఉందని అనుకుందాం. పట్టిక 67 మందిని పట్టుకుంటుంది, 33 మంది తప్పిపోతారు. మిగిలిన 900 మందిలో 191 మందికి సమస్య లేకపోయినా అనుమానం పడుతుంది. మొత్తం 258 మంది జాబితాలో నిజంగా సహాయం కావలసినవారు 67 మంది, అంటే నలుగురిలో ఒకరు.

ఈ లెక్క తెలియకపోతే రెండు రకాల అన్యాయం జరుగుతుంది. జాబితాలో పేరు ఎక్కగానే బిడ్డకు మాంద్యం అని ముద్ర వేస్తారు, తల్లి గుండె పగులుతుంది, ఇరుగుపొరుగు మాట మారుతుంది. నలుగురిలో ముగ్గురి విషయంలో ఆ ముద్ర తప్పు. మరోవైపు, గాలింపులో తప్పిపోయిన 33 మంది తల్లులకు బిడ్డ బాగానే ఉన్నాడని ధైర్యం చెప్పి పంపుతారు, వారు మళ్లీ అడగరు. ఇక్కడ విరుగుడు ఖరీదైన పరికరం కాదు, మళ్లీ చూడడం. ఆరు నెలల తర్వాత అదే బిడ్డను అదే పట్టికతో చూస్తే తప్పిపోయినవారిలో చాలామంది బయటపడతారు. ఏడాదికి రెండు సందర్శనలు పెట్టడంలో ఉన్న అర్థం ఇదే. అయితే రెండు సందర్శనల్లో ఒకటి కోత కాలంలో పడితే తోటల్లో ఉన్న పిల్లలకు అది ఒకటే అవుతుంది. వచ్చినవారి జాబితాతో పాటు రానివారి జాబితా కూడా రాస్తేనే ఈ సంగతి తెలుస్తుంది. రానివారి జాబితా లేని స్క్రీనింగ్ నివేదిక సగం నివేదిక.

తల్లి చెప్పే మాటను కూడా సమాచారంగా రాసుకోవాలి. పిలిస్తే పలకడం లేదు, కళ్లలోకి చూడడం లేదు, వచ్చిన రెండు మాటలూ పోయాయి అని తల్లి అంటే పట్టిక ఏం చెప్పినా ఆ బిడ్డ జాబితాలో ఉండాలి. కోస్తాలో మేనరికాలు ఇప్పటికీ ఉన్నాయి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లయిన ఇంట్లో పుట్టుచెవుడు, కొన్ని జన్యు సమస్యల ముప్పు ఎక్కువ. నెలలు నిండకముందే పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, తీవ్రమైన పసిరికలు ముప్పును సూచించే మరికొన్ని గుర్తులు. ఇవన్నీ ఆశ కార్యకర్త ప్రసవం నాటి నుంచి ఎరిగినవే. ఆమె పుస్తకంలోని వివరాలు అంగన్‌వాడీ పుస్తకంలోకి వస్తే ఎవరిని ముందు చూడాలో తేలుతుంది.

పేర్లు ఎక్కడ జారిపోతున్నాయి?

అధికారిక నివేదికల్లో ఎక్కువగా కనిపించేది ఎంతమందిని పరీక్షించారన్న సంఖ్య. మామిడి పూగుత్తిలో వందలు, వేల పూలుంటాయి, కాయగా నిలిచేవి ఒకటి రెండే. పూత చూసి ఏ గుత్తదారూ దిగుబడి రాసుకోడు. పరీక్షించిన వారి సంఖ్య పూత వంటిది.

పై ఉదాహరణనే కొనసాగిద్దాం. 258 మందిని జిల్లా కేంద్రానికి పంపారు. అక్కడికి చేరినవారు 120 మంది అనుకుందాం. నిర్ధారణ అయినవారు 40 మంది, థెరపీ మొదలైనవారు 25 మంది, ఆరు నెలల తర్వాత ఇంకా వస్తున్నవారు 12 మంది. ఇవి ఊహించిన అంకెలే, కానీ ఏ మండలమైనా తన సొంత అంకెలు ఈ మెట్ల మీద పేర్చుకోవచ్చు. సహాయం కావలసిన 100 మందిలో చివరికి 12 మందే మిగిలారన్న నిజం 1,000 మందిని పరీక్షించాం అన్న వాక్యంలో కనిపించదు. మెట్లుగా పేర్చినప్పుడు మరొకటి కూడా తెలుస్తుంది. అతి పెద్ద నష్టం పంపడానికీ చేరడానికీ మధ్య జరిగితే పట్టికను మెరుగుపరిచి లాభం లేదు. అక్కడ కావలసింది బస్సు ఖర్చు, ఒక రోజు కూలి, తోడుగా వచ్చే ఆశ కార్యకర్త, వెళ్లిన రోజున తప్పకుండా ఉండే డాక్టరు. నష్టం థెరపీ మొదలయ్యాక జరిగితే జిల్లా కేంద్రానికి వారం వారం రావడం తోట కూలీ కుటుంబానికి సాధ్యం కాదని అర్థం. అప్పుడు థెరపిస్టే మండలానికి రావాలి, లేదా ఇంటి దగ్గర చేయించే పద్ధతి తల్లికి నేర్పాలి.

ఒక్కో మెట్టుకూ పట్టిన రోజులు రాస్తే ఇంకా మేలు. అమెరికాలో 1986 చట్ట సవరణతో మూడేళ్లలోపు పిల్లలకు వచ్చిన కార్యక్రమంలో, బిడ్డను పంపిన రోజు నుంచి 45 రోజుల్లోపు పరీక్ష పూర్తిచేసి కుటుంబంతో కూర్చుని ప్రణాళిక రాయాలన్న గడువు ఉంది. ప్రతి రాష్ట్రమూ ఎంతమంది విషయంలో ఆ గడువు పాటించిందో ఏటా చెప్పాలి. వినికిడి విషయంలో అక్కడి నిపుణుల సంఘం పెట్టిన సూత్రం ఇంకా కచ్చితమైనది. నెల లోపు చెవి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు సహాయం. ఆరు నెలల లోపు గుర్తించి సాయం అందించిన పిల్లలకు భాష గణనీయంగా మెరుగ్గా వచ్చిందని 1998లో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం చూపింది. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు జరుగుతున్నాయి. అంత విలువైన ఆపరేషన్ నుంచి పూర్తి ఫలితం రావాలంటే ముందు నిర్ధారణ తొందరగా జరగాలి, తర్వాత మాట నేర్పే శిక్షణ క్రమం తప్పకుండా అందాలి. ఈ రెండింటి తేదీలూ ఆపరేషన్ తేదీ పక్కనే ఉండాలి.

పేర్లు జారిపోవడానికి మరో కారణం పుస్తకాలు ఒకదానితో ఒకటి మాట్లాడకపోవడం. 2021 మార్చి నుంచి అంగన్‌వాడీ టీచర్లు పోషణ్ ట్రాకర్ యాప్‌లో పిల్లల వివరాలు నమోదు చేస్తున్నారు. వైద్య బృందం రికార్డు వేరు, భవిత కేంద్రం హాజరు వేరు, వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం వేరు. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన అంగన్‌వాడీ దివ్యాంగ పిల్లల ప్రొటోకాల్ తొలి గుర్తింపు, కుటుంబానికి అండ, ఆశ ద్వారా వైద్య బృందానికి పంపడం అనే వరస చెప్పింది. ఆ వరస నిజంగా నడవాలంటే ఒకే బిడ్డ నాలుగు పుస్తకాల్లో నలుగురు పిల్లలుగా ఉండకూడదు. కొత్త యాప్ కంటే ముందు చేయగలిగినది ఒకటుంది. నెలకోసారి మండల స్థాయిలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్, ఏఎన్ఎం, భవిత టీచర్ ఒక బల్ల దగ్గర కూర్చుని తమ తమ జాబితాలను పేరు పేరునా సరిచూసుకోవడం. ఒకరి జాబితాలో ఉండి ఇంకొకరి జాబితాలో లేని పేర్లే ఆ నెలలో చేయవలసిన పని.

సదరం శాతం గురించి ఒక మాట విడిగా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సదరం వైకల్య నిర్ధారణను కంప్యూటరు మీదకు తెచ్చింది, పింఛనుకూ ఇతర ప్రయోజనాలకూ ఆధారమైంది. పేద కుటుంబానికి ఆ పింఛను ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. కానీ 40 శాతం, 60 శాతం అనే అంకెతో రేపు బిడ్డకు ఏం నేర్పాలో తెలియదు. ఐదేళ్లలోపు బిడ్డకు మేధో వైకల్యం అని కాకుండా వికాస జాప్యం అని తాత్కాలిక పత్రమే ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఎందుకంటే ఆ వయసులో స్థితి మారుతుంది. థెరపీకి, అంగన్‌వాడీలో ప్రత్యేక శ్రద్ధకు సదరం పత్రం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆపిన ప్రతి నెలా బిడ్డకు నష్టమే.

సమాచారం ఇస్తే సరిపోతుందా?

ఈ ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ పాఠశాలల్లోనే జవాబు దొరికింది. 2005లో మొదలైన పరిశోధనల్లో భాగంగా ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 100 పాఠశాలల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఏ పిల్లవాడు ఎక్కడ వెనుకబడ్డాడో వివరమైన నివేదికను టీచర్లకు ఇచ్చారు. తరగతి గదిని మధ్య మధ్య పరిశీలించారు. ఏడాది తర్వాత చూస్తే, పరిశీలకులు ఉన్నప్పుడు టీచర్లు మరింత శ్రద్ధగా బోధించారు. పిల్లల చదువులో మాత్రం నివేదికలు అందని పాఠశాలలతో పోలిస్తే తేడా లేదు. 2010లో ప్రచురితమైన ఆ ఫలితం నివేదికలు పనికిరావని చెప్పడం లేదు. నివేదికను ఉపయోగించడానికి టీచర్‌కు కారణమూ, సమయమూ, తోడూ లేకపోతే అది బీరువాలోకి వెళుతుందని చెబుతోంది. అవే రకం నివేదికలు అందుకుని, పిల్లల ప్రగతికి ప్రోత్సాహకం కూడా ఉన్న పాఠశాలల్లో టీచర్లు వాటిని పనికి వాడుకున్న జాడలు కనిపించాయి.

మరో పాఠం అభిజీత్ సింగ్ పరిశోధనలో ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో కాగితం పరీక్షల మార్కులు పిల్లల అసలు స్థాయి కంటే బాగా ఎక్కువగా నమోదవుతున్నాయని, అదే పరీక్షను టాబ్లెట్ మీద పెడితే ఆ వంకర చాలావరకు తగ్గుతుందని తేలింది. ఆ మార్కుల మీద పెద్ద బహుమతీ, పెద్ద శిక్షా ఆధారపడకపోయినా అలా జరిగింది. మన లెక్క తక్కువగా కనిపించకూడదన్న భయం చాలు అంకె పైకి జరగడానికి. ఈ సంగతి ప్రత్యేక విద్యకు మరింత వర్తిస్తుంది. బిడ్డ మెరుగుపడ్డాడని రాయడం సులువు, మెరుగుపడలేదని రాసిన టీచర్‌ను నిలదీస్తారన్న బెదురు ఉంటే మరీ సులువు. అప్పుడు సహాయం పెరగవలసిన బిడ్డకు సహాయం ఆగిపోతుంది. ప్రగతి లేదన్న మాట నింద కాకుండా అదనపు సాయం కోరే అర్జీ అయిన చోటే నిజమైన అంకెలు వస్తాయి. టీచర్ రాసిన వాటిలో కొన్నింటిని భవిత కేంద్రం వారు వేరుగా మళ్లీ చూడడం కూడా అవసరమే.

పని భారం సంగతి పక్కన పెట్టలేం. అంగన్‌వాడీ టీచర్ వంట సామగ్రి చూడాలి, తూకాలు వేయాలి, ఫొటోలు అప్‌లోడ్ చేయాలి, టేక్‌హోమ్ రేషన్‌కు ముఖ గుర్తింపు తీయాలి, ఆ తర్వాతే పాఠం. తమిళనాడులో 320 అంగన్‌వాడీలతో జరిగిన ప్రయోగంలో కొన్ని కేంద్రాలకు సగం పూట పనిచేసే ఒక కార్యకర్తను అదనంగా ఇచ్చారు. పూర్వ ప్రాథమిక బోధన సమయం రెట్టింపు అయింది. 18 నెలల్లో లెక్కలు, భాష రెండూ మెరుగయ్యాయి, ఎదుగుదల లోపాలు కూడా తగ్గాయి. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ పక్కన రోజుకు ఇరవై నిమిషాలు కూర్చునే మనిషి లేని కేంద్రంలో ఎంత చక్కని యాప్ పెట్టినా ప్రగతి గడి ఖాళీగానే ఉంటుంది. కనుక రాయించే ప్రతి గడికీ ఒక ప్రశ్న వేయాలి. దీన్ని చూసి ఎవరు ఏ పని మారుస్తారు? జవాబు లేని గడులు తీసేస్తే మిగిలిన వాటిలో నిజం పెరుగుతుంది.

ఒక బిడ్డ, ఒక లక్ష్యం

సమాచారం బాగా పనిచేసేది బిడ్డకు అతి దగ్గరగా. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్టేజ్ చుట్టుపక్కల పల్లె ప్రాంతంలో 1969లో మొదలైన పద్ధతి భారతదేశంలోనూ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. పల్లెల్లో ఇళ్లు దూరదూరంగా ఉండడం వల్ల పిల్లలను కేంద్రానికి రప్పించడం కష్టమై, శిక్షకురాలే వారానికోసారి ఇంటికి వెళ్లే ఏర్పాటు చేశారు. ఆమె వెళ్లి బిడ్డకు ఇప్పుడు ఏం వచ్చో చూసి రాస్తుంది. వారంలో వచ్చే అవకాశం ఉన్న చిన్న లక్ష్యాన్ని తల్లితో కలిసి ఎంచుకుంటుంది. ఎలా చేయించాలో చేసి చూపిస్తుంది. తల్లి రోజూ చేయించి గుర్తు పెడుతుంది. వచ్చే వారం శిక్షకురాలు మళ్లీ చూసి రాస్తుంది. తోట పాకలో ఉండే కుటుంబానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఊహించడం కష్టం.

ఉదాహరణకు సెరిబ్రల్ పాల్సీ ఉన్న నాలుగేళ్ల పాపను తీసుకుందాం. లక్ష్యం పాప బాగుపడాలి అని రాస్తే కొలవడం కుదరదు. కంచంలోని పప్పన్నం ముద్దను తన కుడిచేత్తో నోటి దాకా తీసుకెళ్లాలి, పది సార్లలో ఎనిమిది సార్లు ఒలకకుండా, అని రాస్తే తల్లీ కొలవగలదు, అంగన్‌వాడీ ఆయా కూడా కొలవగలదు. మొదటి మూడు రోజులు సాయం చేయకుండా చూస్తే పదింటికి రెండు వచ్చాయి. అది మొదలు. పది వారాల్లో ఎనిమిదికి చేరాలి. గళ్ల కాగితం మీద రెండు నుంచి ఎనిమిదికి ఒక గీత గీస్తే ఆశించిన దారి అవుతుంది. ప్రతి వారం చుక్క పెట్టాలి. వరసగా నాలుగు చుక్కలు గీత కిందే పడితే పద్ధతి మార్చాలి. కూర్చోబెట్టే తీరు మార్చవచ్చు, మోచేతికి ఆసరా పెట్టవచ్చు, కంచం అంచు ఎత్తుగా ఉన్నది ఇవ్వవచ్చు, ముద్ద చిన్నది చేయవచ్చు. నాలుగు చుక్కలు గీత పైన పడితే లక్ష్యాన్ని పెంచాలి.

1977లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్లీ డెనో, ఫిలిస్ మిర్కిన్ ప్రత్యేక విద్యకు ఇలాంటి క్రమాన్ని రూపొందించారు. దీని బలం ఏమిటంటే, చుక్కలు కింద పడినప్పుడు మారవలసింది పాప కాదు, నేర్పే పద్ధతి. పాపకు రాదు అన్న తీర్పుకు ఆ కాగితం మీద చోటు లేదు.

ఇలాంటి చిన్న లక్ష్యాలను పెద్ద చిత్రంలో చేర్చడానికి మూడేళ్లలోపు పిల్లల కోసం ఉన్న అమెరికా కార్యక్రమంలో మూడు కొలమానాలు పెట్టుకున్నారు. నలుగురితో సంబంధం ఎలా ఉంది, కొత్త విషయాలు నేర్చుకుని వాడుతున్నాడా, తన అవసరాలు తీర్చుకోవడానికి తగిన పని చేస్తున్నాడా. చేరినప్పుడూ వెళ్లేటప్పుడూ కుటుంబం, టీచర్లు, థెరపిస్టులు కలిసి ఒకటి నుంచి ఏడు దాకా ఉన్న కొలబద్ద మీద అంకె వేస్తారు. పక్షవాతం వచ్చిన చేయి ఎన్ని డిగ్రీలు వంగుతోంది అన్న వైద్య కొలత కంటే, ఆ చేత్తో తినగలుగుతోందా అన్న జీవిత కొలతకు అక్కడ విలువ ఎక్కువ. తల్లిదండ్రులకు అర్థమయ్యేది కూడా అదే.

మండలం లెక్క చదవడం

బిడ్డ దగ్గర పనిచేసిన కొలత మండలం దగ్గర జాగ్రత్తగా చదవాలి. ఒక అంగన్‌వాడీలో నిరుడు ఇద్దరిని గుర్తించి ఈ ఏడాది నలుగురిని గుర్తిస్తే 100 శాతం పెరుగుదల అని రాయవచ్చు, కానీ అంత చిన్న సంఖ్యల్లో అలాంటి హెచ్చుతగ్గులు వాటంతటవే వస్తాయి. ఒక్కో కేంద్రానికి ర్యాంకు ఇవ్వడం అందుకే తప్పు. ఇరవై, ముప్పై కేంద్రాలను కలిపి, రెండు మూడేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే నమ్మదగిన తేడా కనిపిస్తుంది. కలిపిన లెక్కను మళ్లీ విడదీసి చూడడం కూడా అంతే అవసరం. ఆడపిల్లలెంత, మగపిల్లలెంత, ఎస్టీ ఆవాసాల్లో ఎంత, తోటల్లో ఉండే కుటుంబాల్లో ఎంత, నూజివీడు పట్టణంలో ఎంత. సగటు బాగున్నప్పుడు కూడా ఒక గుంపు మొత్తం బయట ఉండిపోవచ్చు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా హాజరును మిగిలిన నెలల నుంచి వేరు చేసి చూడడం ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా అవసరం. ఆ నెలల్లో థెరపీ మానేసినవారు జూలైలో తిరిగి వచ్చారా లేదా అన్న ఒక్క లెక్కతో వచ్చే ఏడాది శిబిరం ఎక్కడ పెట్టాలో తేలుతుంది.

ఇవి పిల్లల ఆరోగ్య వివరాలు కాబట్టి గోప్యత కూడా సేవలో భాగమే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. జాబితా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, గోడ మీద పేర్లు రాయడం కుటుంబానికి జీవితకాలపు మచ్చ తేవచ్చు, ముఖ్యంగా ఆడపిల్ల ఉన్న ఇంటికి. సమావేశంలో సంఖ్యలు చాలు. పేర్లు ఆ బిడ్డతో పనిచేసేవారి దగ్గరే ఉండాలి.

చివరి మెట్టు ఆరో ఏట వస్తుంది. అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి వెళ్లేటప్పుడు పిల్లలు ఒక శాఖ దాటి మరో శాఖలోకి అడుగుపెడతారు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల కాలాన్ని ఒకే పునాది దశగా చూసింది, 2024లో అంగన్‌వాడీల కోసం ఆధారశిల పాఠ్యక్రమం వచ్చింది. ఆ దశ ఒకటే అయినప్పుడు బిడ్డ కాగితం కూడా ఒకటే ఉండాలి. అమెరికాలో ఇలాంటి మార్పుకు కనీసం 90 రోజుల ముందే ఇరుపక్షాలూ కుటుంబంతో కూర్చోవాలన్న నియమం ఉంది. ఇక్కడ బడులు జూన్‌లో తెరుస్తారు, కోత అప్పటికి ముగింపుకొస్తుంది. కాబట్టి ఆ సమావేశం కోత మొదలుకాకముందు, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే జరగాలి. బడి హెచ్‌ఎం, భవిత టీచర్, అంగన్‌వాడీ టీచర్, తల్లిదండ్రులు ఉండాలి. చేతికి అందవలసిన కాగితం ఒక పేజీ చాలు: బిడ్డకు ఏం వచ్చు, ఏం నేర్చుకుంటోంది, ఏ పద్ధతి పనిచేసింది, ఏది పనిచేయలేదు, తరగతిలో ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏ మందు వాడుతున్నారు, మూత్రవిసర్జనకు సాయం కావాలా, థెరపీ ఎప్పుడు ఎక్కడ, ఎవరికి ఫోన్ చేయాలి. దాని నకలు ఒకటి తల్లి దగ్గర ఉండాలి. కుటుంబం మరో తోటకు, మరో మండలానికి వెళ్లినా అక్కడి అంగన్‌వాడీ టీచర్ ఆ పేజీ చూసి మర్నాటి నుంచే పని మొదలుపెట్టగలుగుతుంది.